బ్యాటరీ వైరు పీకి చూడు!

పాత కార్లతో కుస్తీ పట్టేవాళ్లందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది. బ్యాటరీ మాటిమాటికీ డౌనవుతుంటే, తప్పు బ్యాటరీదా లేక దాన్ని ఛార్జి చేసే యంత్రానిదా అని తేల్చాలి కదా. దానికి ఇంజన్ స్టార్ట్ చేసి, అది నడుస్తుండగానే బ్యాటరీ వైరు పీకేయటం. ఇంజన్ ఆగకుండా నడిస్తే ఛార్జింగ్ భేషుగ్గా ఉన్నట్లు. టక్కున ఆగిపోతే లేనట్లు. మీటర్లూ గీటర్లూ అక్కర్లేదు, చేతిలో స్పానరొకటుంటే చాలు. ఎందరో ఆటో ఎలక్ట్రీషియన్లు గురువు దగ్గర నేర్చుకుని శిష్యుడికి నేర్పించిన పరీక్ష ఇది.

అదే పరీక్ష నేటి కారుకి చేస్తే ఆల్టర్నేటర్ మాడొచ్చు, దాంతోపాటు కారులో ఉన్న కంప్యూటర్లూ పోవచ్చు. పోనీ ఈ చిట్కా ఉత్త మూఢనమ్మకమా అంటే, అదీ కాదు. ఒకప్పుడు అది పనికొచ్చిందే. ఒక చిట్కాకి పుట్టిన తేదీ, చెల్లిపోయిన తేదీ ఉంటాయని, అవి తెలియకుండా వాడితే మందే విషమవుతుందని చెప్పటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. ఈ టపా దాని గురించే. పాత కారులో ఛార్జింగ్ సమస్య అనేది ముందు చరిత్ర ప్రశ్న, ఆ తర్వాతే కరెంటు ప్రశ్న అని నా వాదన.

కథ మొదట్నుంచీ చెప్పుకొద్దాం. తొలినాళ్ల కారుకి బ్యాటరీతో పెద్దగా పని లేదు. ముందుకెళ్లి హ్యాండిల్ కొడితే స్టార్టయ్యేది, దీపాలు కార్బైడుతోనో కిరసనాయిలుతోనో వెలిగేవి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారులో ఇంజన్ వెనకుండే ఫ్లైవీలుకి పదహారు అయస్కాంతాలు బిగించి ఉండేవి. వాటినుండి పుట్టే కరెంటు స్పార్కు ప్లగ్గులకి సరిపోయేది. 1915 నుండి హెడ్‌లైట్లు కూడా ఆ కరెంటుతోనే వెలిగించారు. ఇంజన్ జోరుగా తిరిగితే దీపం దేదీప్యం, నెమ్మదిస్తే గుడ్డిదీపం. చిన్నప్పుడు సైకిల్‌కి డైనమో పెట్టుకుని తొక్కినవాళ్లకి ఈ వ్యవహారం విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు, సరిగ్గా వెలుతురు కావాల్సిన చోటే, అది కళ్లు మూసేది. (అన్నట్లు, మనం సైకిల్ 'డైనమో' అని పిలిచింది నిజానికి డైనమో కాదు, ఆల్టర్నేటర్. ఆ తేడా ఏంటో కాసేపట్లో తెలుస్తుంది.)

మలుపు తిప్పింది 1912 మోడల్ క్యాడిలాక్. డెల్కో సంస్థలో ఛార్లెస్ కెటరింగ్ తయారు చేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ - మనవాళ్లు ముద్దుగా పిలిచే 'సెల్ఫ్' - దాంతో వచ్చింది. హ్యాండిల్ ఎదురుతన్ని మణికట్లు విరగ్గొట్టుకునే బాధ తప్పింది. కానీ ఒక సౌకర్యం వెనక ఇంకో అవసరం వస్తుంది కదా. సెల్ఫ్ తిరగాలంటే కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు కావాలి. అంటే బ్యాటరీ తప్పనిసరి. 1859లో గాస్తోన్ ప్లాంటే కనిపెట్టిన సీసం బ్యాటరీ అందుకు సిద్ధంగా ఉంది. బ్యాటరీ ఉంటే దాన్ని నింపేది కావాలి. కాబట్టి జనరేటర్ తప్పనిసరి. జనరేటరేమో ఇంజన్‌తో పాటు తిరుగుతుంది. ఇంజనేమో ఒక క్షణం ఆరువందల చుట్లు, మరుక్షణం నాలుగువేలు. బ్యాటరీకి మాత్రం ఎప్పుడూ ఒకే రకం వోల్టేజీ కావాలి. ఆ తర్వాత యాభయ్యేళ్ల చరిత్రంతా ఈ ఒక్క చిక్కుముడి విప్పటమే.

ఇంకో చిక్కుంది. బ్యాటరీకి ఒకే దిక్కుగా పారే కరెంటు - డీసీ - కావాలి. తీగచుట్టని అయస్కాంతాల మధ్య తిప్పితే పుట్టేది అటూ ఇటూ ఊగే ఏసీ. దాన్ని డీసీగా మార్చటానికి అప్పట్లో ఉన్న దారి ఒకటే: కమ్యుటేటర్. తిరిగే ఆర్మేచర్ చివర రాగి పలకల వలయం, దానిమీద ఒరుసుకుంటూ కార్బన్ బ్రష్షులు. కరెంటు దిక్కు మారే క్షణంలోనే తీగల కనెక్షన్లూ తారుమారవుతాయి కాబట్టి బయటికొచ్చేది ఒకవైపే పారుతుంది. ఇదీ డైనమో అంటే. 1866-67లో సీమెన్స్, వీట్‌స్టన్ లాంటివాళ్లు దీనికి మరో కిటుకు జోడించారు. శాశ్వత అయస్కాంతం అక్కర్లేదు. ఇనుములో మిగిలిపోయిన రవ్వంత అయస్కాంతత్వంతో కాస్త కరెంటు పుడుతుంది, ఆ కరెంటు అయస్కాంతాన్ని బలపరుస్తుంది, అది మరింత కరెంటు పుట్టిస్తుంది. అలా తన పునాది మీద తనే లేచి నిలబడుతుంది. ఏళ్ల తరబడి షెడ్డులో మూలపడున్న కారుని బయటికి తీస్తే అన్నీ బాగుండి కూడా డైనమో 'లేవకపోవటానికి' ఒక్కోసారి కారణం ఇదే. ఇనుము తన పాత జ్ఞాపకాన్ని మర్చిపోయి ఉంటుంది. బ్యాటరీనుండి ఒక క్షణం కరెంటు తాకించి గుర్తు చేస్తే మళ్లీ లేస్తుంది.

సరే, చిక్కుముడి దగ్గరికొద్దాం. ఇంజన్ ఆగితే బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పారి ఖాళీ అవుతుంది, తీగచుట్లూ మాడతాయి. దాన్నాపటానికి పెట్టింది 'కటౌట్' అనే రిలే. డైనమో వోల్టేజీ బ్యాటరీకన్నా పెరిగితే అతుక్కుంటుంది, తగ్గితే విడిపోతుంది. ఇక ఇంజన్ వేగంతో పాటు ఛార్జింగ్ ఇష్టమొచ్చినట్లు పెరగకుండా ఆపటానికి తొలిరోజుల్లో పెట్టింది 'మూడో బ్రష్'. రెండు మామూలు బ్రష్షుల మధ్య ఇంకోటి పెట్టి అయస్కాంతపు చుట్టకి దానిద్వారా కరెంటిచ్చేవారు. వేగం పెరిగేకొద్దీ డైనమో లోపలి అయస్కాంతక్షేత్రం వంకర తిరిగి ఆ బ్రష్షుకి అందే వోల్టేజీ దానంతటదే తగ్గేది. తెలివైన ఉపాయమే, కానీ దానికి కళ్లు లేవు. బ్యాటరీ నిండిందా ఖాళీగా ఉందా అన్న ధ్యాస లేకుండా మనం బిగించిన లెక్కన పోసుకుంటూ పోతుంది. పగలంతా దూరప్రయాణం చేస్తే బ్యాటరీలో నీళ్లు మరిగేవి. ఆ కార్లలో బ్యాటరీ వైరు పీకితే, ఆ కరెంటుకి పోయే దారి లేక వోల్టేజీ ఎగబాకి బల్బులు మాడేవి. చూశారా, చిట్కా అప్పటికింకా పుట్టలేదు.

1930ల్లో వోల్టేజ్ రెగ్యులేటర్లు ప్రాచుర్యంలోకొచ్చాక అసలు పరిష్కారం దొరికింది. ఒక చిన్న విద్యుదయస్కాంతం వోల్టేజీని కనిపెట్టుకుని ఉంటుంది. హద్దు దాటగానే ఒక కాంటాక్టుని లాగి, డైనమో అయస్కాంతపు చుట్టకి అడ్డంగా రెసిస్టెన్సు పెడుతుంది. వోల్టేజీ పడిపోగానే వదిలేస్తుంది. సెకనుకి పదులసార్లు ఇలా టకటకలాడుతూనే ఉంటుంది. 'ఫీడ్‌బ్యాక్' అని మనం కాలేజీలో బండపుస్తకాల్లో చదువుకున్నది ఇక్కడ రెండు కాంటాక్టులు, ఒక స్ప్రింగుతో నడిచిపోయింది. బ్యాటరీ వైరు పీకే చిట్కా పని చేసింది ఈ జమానాలోనే. బ్యాటరీ లేకున్నా రెగ్యులేటర్ వోల్టేజీని ఒక మోస్తరుగా పట్టి ఉంచుతుంది; చెడిపోవటానికి కారులో సెమీకండక్టర్ అన్నదే లేదు. అప్పుడు కూడా ఒక మెలికుంది. ఐడ్లింగ్‌లో డైనమో చాలినంత వోల్టేజీ ఇవ్వదు, కటౌట్ విడిపోయి ఉంటుంది. అప్పుడు వైరు పీకితే నిక్షేపంలాంటి డైనమో ఉన్న కారు కూడా ఆగిపోతుంది. ఆ సంగతి తెలియని చేతుల్లో పడి ఎన్ని మంచి డైనమోలు వైండింగ్ షాపులకి వెళ్లుంటాయో!

మనకి బాగా తెలిసిన అంబాసిడర్ పుట్టింది ఈ జమానాలో. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు అచ్చులతో ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారు చేసిన కారది. అప్పటి బ్రిటిష్ కార్లలో అధికభాగం లూకాస్ విద్యుత్ పరికరాలతో వచ్చేవి. మన దగ్గర అదే లూకాస్, టీవీఎస్ కలిసి 1961లో మద్రాసు పాడిలో లూకాస్-టీవీఎస్ పెట్టాయి. ఆ కాలపు లూకాస్ డైనమో సి40 ఇచ్చేది 22 ఆంపియర్లు. లెక్క వేయండి. రెండు హెడ్‌లైట్లకి ఏడు, వెనక దీపాలు వగైరాలకి రెండు, ఇగ్నిషన్‌కి మూడు నాలుగు, వైపర్‌కి మూడు. అంటే వానాకాలం రాత్రి పదహారు దాకా ఖర్చు. రోడ్డుమీద జోరుగా పోతుంటే సరిపోతుంది. సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి పోయే ఊళ్లో మాత్రం రాబడి సున్నా, ఖర్చు పదహారు. పాత అంబాసిడర్‌కి 'ఛార్జింగ్ సమస్య' అని పేరు పెట్టేముందు ఈ కూడికలూ తీసివేతలూ చేసుకోవాలి. చాలాసార్లు అది రోగం కాదు, దాని పుట్టుకే అంత.

రోగం ఉన్నప్పుడు తెలుసుకోవటానికి లూకాస్ వాళ్ల పద్ధతి వేరే ఉంది. డైనమో వెనక రెండు టెర్మినళ్లుంటాయి: కరెంటు బయటికొచ్చే 'డి', అయస్కాంతపు చుట్టకి వెళ్లే 'ఎఫ్'. రెండిటి వైర్లూ విప్పి, ఆ టెర్మినళ్లని చిన్న వైరు ముక్కతో కలిపి, దానికీ డైనమో బాడీకీ మధ్య వోల్ట్‌మీటర్ పెట్టాలి. ఇంజన్ స్టార్ట్ చేసి వేగం మెల్లగా పెంచితే వోల్టేజీ తడబడకుండా చకచకా పెరగాలి. 20 దాటనీయకూడదు, నిమిషానికి వెయ్యి చుట్లు మించి అక్కర్లేదు. అసలేమీ చూపించకపోతే బ్రష్షులు చూడాలి. అర వోల్టో ఒక వోల్టో చూపి ఆగిపోతే అయస్కాంతపు చుట్టని అనుమానించాలి. నాలుగైదు వోల్టుల దగ్గర చతికిలబడితే ఆర్మేచర్ని. రెండు నిమిషాల పని. డైనమోని రెగ్యులేటర్ నుండి విడగొట్టి తప్పు ఏ పక్కనుందో తేలుస్తుంది. మా వృత్తిలో బగ్ పట్టటమన్నా ఇంతే కదా. వ్యవస్థని రెండు ముక్కలు చేసి, ఏ సగంలో ఉందో చూసి, ఆ సగాన్ని మళ్లీ రెండు చేయటం.

ఇది పుస్తకాల్లో మాటగా ఉండిపోకుండా ఒక ముచ్చట చెబుతాను. మా బాబాయిగారి దగ్గర 1960ల నాటి అంబాసిడర్ మార్క్ 2 ఉండేది. దానికి డెంటింగు, పెయింటింగు చేయించాక ఛార్జింగ్ ఆగిపోయింది. బ్యాటరీ కొట్టాయన బ్యాటరీ మార్చాడు. రెండు వారాల్లో అదీ డౌన్. ఎలక్ట్రీషియన్ డైనమో వైండింగ్ చేయించమన్నాడు. 'ఇదేదో నువ్వు చూడరా, కంప్యూటర్లు బాగు చేస్తావుగా' అన్నారు బాబాయి. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అంటే మిక్సీ నుండి మోటారు దాకా అన్నీ బాగు చేసేవాడని మన ఇళ్లలో గట్టి నమ్మకం. నేను చూసేసరికి డాష్‌బోర్డు మీది ఎర్రలైటు వింతగా ఉంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆరిపోవాల్సింది పోయి ఇంకా ప్రకాశిస్తోంది.

ఆ వింతలోనే జవాబుంది. డైనమో కార్లలో ఆ బల్బుకి ఒకవైపు బ్యాటరీ, ఇంకోవైపు డైనమో. రెండువైపులా సమానమైతే ఆరుతుంది. డైనమో చచ్చిపోతే ఒకే రకంగా వెలుగుతుంది. వేగంతో పాటు వెలుగు పెరుగుతోందంటే డైనమో వోల్టేజీ బ్యాటరీని దాటి పైపైకి పోతోందన్నమాట! అంటే డైనమో చావలేదు, అదుపు తప్పింది. పైగా కటౌట్ అతుక్కోవటం లేదు. రెగ్యులేటర్, కటౌట్ రెండూ ఒకేసారి పని మానేశాయంటే రెండిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో తెగిందని అర్థం. ఆ రెండు చుట్టలకీ ఉమ్మడిగా ఉన్నది కంట్రోల్ బాక్సు 'ఇ' టెర్మినల్, అనగా ఎర్తు. విప్పి చూస్తే, ఆ ఎర్తు వైరు బాడీకి బిగించే చోట కొత్త పెయింటు నిగనిగలాడుతోంది. గరుకు కాగితంతో ఇనుము కనపడేలా రుద్ది బిగించాం. లైటు ఆరింది, బ్యాటరీ దగ్గర 14 వోల్టులు దాటింది. ఖర్చు గరుకు కాగితం ముక్క. పాత బ్రిటిష్ కార్ల మోజున్నవాళ్లు లూకాస్‌ని 'చీకటి రాకుమారుడు' అని వెక్కిరిస్తుంటారు. ఆ వెక్కిరింతల్లో సగమైనా తుప్పు పట్టిన ఎర్తు పాయింట్లకి చెందాల్సినవని నా అనుమానం.

ఇక రెండో జమానా. కమ్యుటేటర్ లేకుండా ఏసీనే పుట్టించి దాన్ని డీసీగా మార్చగలిగితే? ఆ ఆలోచన కొత్తదేం కాదు. చిక్కల్లా మార్చే సాధనం దగ్గరే. సెలీనియం రెక్టిఫయర్లు పెద్దవి, వేడికి ఆగవు. 1950ల్లో వచ్చిన సిలికాన్ డయోడ్ ఆ అడ్డు తొలగించింది. 1960 మోడల్ క్రైస్లర్ వాలియంట్‌తో ఆల్టర్నేటర్ మామూలు కార్లలోకి దిగింది. బ్రిటన్‌లో లూకాస్ వాళ్ల 11ఏసీ లాంటివి 1960ల మధ్యలో వచ్చాయి. ఇందులో భారీ కరెంటు పుట్టే చుట్టలు కదలవు, అయస్కాంతమే మధ్యలో తిరుగుతుంది. బ్రష్షుల మీదుగా పోయేది రెండు మూడు ఆంపియర్లే. కాబట్టి ఎంత వేగంగా తిప్పినా పర్వాలేదు. చిన్న పుల్లీ వేస్తే ఐడ్లింగ్‌లో కూడా ఛార్జి చేస్తుంది. కటౌట్ అక్కర్లేదు, కరెంటు వెనక్కి రాకుండా డయోడ్లే ఆపుతాయి. సైకిల్ మీద మనం తిప్పింది ఈ జాతిదే. అయస్కాంతం మధ్యలో తిరిగేది, కమ్యుటేటర్ ఉండేది కాదు.

ఇలా ఒక్కో కష్టం తీరింది. దాంతోపాటే పాత చిట్కాలన్నీ ఒక్కొక్కటిగా తిరగబడ్డాయి. బ్యాటరీ వైరు పీకటం మొదటిది. ఆల్టర్నేటర్ జోరుగా ఛార్జి చేస్తుండగా హఠాత్తుగా బ్యాటరీ తప్పుకుంటే, దాని అయస్కాంతక్షేత్రం ఆ క్షణాన చల్లారదు. వోల్టేజీ క్షణకాలం పదుల్లోకి, ఒక్కోసారి వంద దరిదాపులకి ఎగురుతుంది. డయోడ్లు, రేడియో, ఇంజన్ కంప్యూటర్ - ఏది బలహీనమైతే అది పోతుంది.

రెండోది ఎర్రలైటు. డైనమో కారులో ఆ బల్బు మాడిపోతే నష్టం లేదు, ఛార్జింగ్ నడుస్తుంది. చాలా ఆల్టర్నేటర్లకి మాత్రం అయస్కాంతాన్ని లేపే తొలి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది. అది మాడితే, ఛార్జింగ్ మొదలే కాకపోవచ్చు. అందం కోసం దాని బదులు ఎల్ఈడీ వేసినా అంతే. దాని గుండా పారే కరెంటు ఆ పనికి చాలదు.

మూడోది పోలారిటీ. 1960ల ద్వితీయార్ధం దాకా చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి ఎర్తు అయ్యుండేది. డైనమోకి ఏ వైపైనా ఒకటే, క్షణం కరెంటు తాకించి కొత్త దిక్కు నేర్పొచ్చు. ఆల్టర్నేటర్ ఉన్న కారుకి బ్యాటరీ తిరగేసి తగిలిస్తే డయోడ్లు అక్కడికక్కడే భస్మం.

ఇప్పుడు అంబాసిడర్ని చూడండి. 1950ల చివర్లో మొదలై 2014 మేలో ఉత్తరపారాలో ఆగిపోయేదాకా బయటి ఆకారం అదే గుండ్రటి బానెట్టు, అదే వీపు. లోపల మాత్రం డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది, 1990ల మొదట్లో ఇసుజు ఇంజన్ వచ్చింది. ఇది చాలదన్నట్లు, ముప్పయ్యేళ్లలో నలుగురు ఓనర్లు, పదిమంది మెకానిక్కులు తమకి తోచింది మార్చుకుంటూ వచ్చారు. బయటినుండి చూస్తే ఏ జమానా కారో తెలిసేది కాదు. 22 ఆంపియర్ల డైనమో తీసి 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ బిగించి, ఆ పాత సన్న వైర్లే ఉంచేసిన కార్లుంటాయి. ఆ వైర్లు వేడెక్కుతాయి. పాత కంట్రోల్ బాక్సు గోడకి అలాగే ఉంటుంది, కానీ దాన్ని దాటేసి వైరింగ్ చేసి ఉంటుంది. డైనమో పెంకు లోపలే ఆల్టర్నేటర్ దాచిపెట్టి అమ్మే సరుకు కూడా ఉంది! మా భాషలో చెప్పాలంటే, ఇంటర్ఫేస్ అదే, ఇంప్లిమెంటేషన్ వేరు, డాక్యుమెంటేషన్ శూన్యం.

డైనమో తీసేసి ఆల్టర్నేటర్ వేయించటం తప్పంటానా? అనను. రోజూ ఊళ్లో తిప్పే కారైతే అదే మంచిది. నా గొడవల్లా, మార్చినవాడు మార్చిన సంగతి ఎక్కడా రాయకపోవటం గురించి. వెనకటికి ఆ ఊసు రాయక్కర్లేదు. ఆ కారుని ఎప్పుడూ అదే ఎలక్ట్రీషియన్ చూసేవాడు, అతనికి దాని జాతకం నోటికొచ్చు. అలాంటివాళ్లు ఇప్పుడు అరుదు. చప్పుడు విని కటౌట్ కాంటాక్టులు మాడాయని చెప్పగలిగే చెవులు వాళ్లతోనే పోతున్నాయి. మిగిలేవి వాళ్ల చిట్కాలే. అవి ఎందుకు పని చేశాయో చెప్పే కారణాలు మాత్రం మిగలట్లేదు.

కాబట్టి, పాత కారు చేతికొచ్చినవాళ్లకి నేను చెప్పేది ఇది. బ్యాటరీ కొట్టుకి పరిగెత్తకండి. ముందు బెల్టు బిగుతు, టెర్మినళ్లు, ఎర్తులు చూడండి. మామూలు మల్టీమీటర్ కొనుక్కోండి. ఇంజన్ ఆపి కాసేపున్నాక నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో, ఇంజన్ ఓ మోస్తరు వేగంతో నడుస్తుంటే 14 అటూ ఇటుగా చూపాలి. 13 దాటకపోతే ఛార్జింగ్ లేదు, 15 దాటితే ఎక్కువైంది. బ్యాటరీ వైరు పీకకుండానే ఇదంతా తెలుస్తుంది. ఆపైన, డాష్‌బోర్డు అరలో చిన్న నోటు పుస్తకమొకటి పెట్టండి. డైనమోనా ఆల్టర్నేటరా, ఏ పోలు ఎర్తు, కంట్రోల్ బాక్సు పని చేస్తోందా లేక అలంకారానికుందా, ఏ ఏడాది ఏది మార్చారు - నాలుగు ముక్కలు తెలుగులోనే రాసిపెట్టండి. రేపు ఆ బానెట్టు తెరిచే కుర్రాడు దాన్ని చదివాకే స్పానర్ పట్టుకుంటాడు.